మంద్రస్థాయికి దొరికిన వేషాలు: మాధవపెద్ది సత్యం

పాశ్చాత్యుల సంగీత నాటకమైన ఆపెరాలో పురుషుల గొంతులను స్థాయిని బట్టి వేరుచేస్తారు. అన్నిటికన్నా అడుగున పలికేది ‘బేస్’. మన మాటల్లో చెప్పాలంటే మంద్రస్థాయిలో నిండుగా మోగే గాత్రం. ఆ గొంతుతో ప్రపంచమంతా పేరు మోసినవాడు షాలియాపిన్. 1873లో కజాన్‌లో పేద కుటుంబంలో పుట్టాడు. మన గోర్కీకి ఆప్తమిత్రుడు. పుష్కిన్ నాటకాన్ని ముస్సోర్గ్‌స్కీ ఆపెరాగా కూర్చగా, అందులో బోరిస్ గొదునోవ్ పాత్ర ఆయనకు చిరకీర్తి తెచ్చింది. రాజ్యం కోసం పసివాణ్ణి చంపించిన పాపం లోలోపల తినేస్తున్న రాజు అతను. అంటే అక్కడ అడుగు గొంతుకు అంతర్మథనం దక్కింది.

మన దగ్గర దానికి దక్కిందేమిటి?

పద్యనాటకం ఆరుబయట పెరిగింది. మైకులు లేని రోజుల్లో చివర కూర్చున్న కూలివాడికి పద్యం అందాలంటే హార్మోనియం శ్రుతి పెంచక తప్పదు. మా ఉత్తరాంధ్ర తూర్పు భాగవతంలోనూ మృదంగాల హోరు మీదుగా గొంతు సాగాలి. తారస్థాయి మోజును కేవలం అభిరుచి అనుకోవడం పొరపాటు. దాని వెనక భౌతిక పరిస్థితి ఉంది.

మైకు వచ్చాక మంద్రస్థాయికి చోటు దొరికింది. రంగస్థలం నుంచి సినిమాకు వచ్చిన మాధవపెద్ది సత్యం (1922–2000) ఆ చోటును నింపారు. ‘మాయాబజార్’ (1957)లో ఘటోత్కచుడి భోజనం పాట వినని తెలుగువాడు అరుదు. మాటలు పింగళివి. సంగీత దర్శకుడు విజయనగరం సంగీత కళాశాలలో చదివిన ఘంటసాల. గొంతు కిందికి దిగేకొద్దీ హల్లులు ముద్దకట్టడం సహజం. సత్యం గొంతులో ఒత్తులు, మహాప్రాణాలు విడివిడిగా వినిపిస్తాయి. నవ్వు కూడా తాళం తప్పదు. తెర మీద ఎస్.వి. రంగారావు పొట్టలోంచే ఆ పాట వస్తున్నదని నమ్ముతాం. పాడినవారెవరో చాలామందికి తట్టదు. నేపథ్యగాయకుడికి అది మెప్పో, అన్యాయమో!

తరువాత? ‘కులగోత్రాలు’ (1962)లో పిఠాపురం నాగేశ్వరరావుతో కలిసి పేకాటరాయుళ్ల హాస్యగీతం. ‘భక్త ప్రహ్లాద’ (1967)లో మళ్లీ రంగారావుకే, హిరణ్యకశిపుడిగా. రాక్షసుడు, లేకుంటే విదూషకుడు. ప్రేమించడానికీ, ఆలోచించడానికీ వేరే గొంతులున్నాయన్నమాట! ఇది పాత్రల్లో పాటించిన వర్ణవ్యవస్థ అని నా అభిప్రాయం. శ్రీకూర్మంలో మా పిల్లలచేత నాటకం వేయించినప్పుడల్లా చూస్తుంటాను. బొంగురు గొంతు కుర్రాడు ఎవరూ చెప్పకుండానే వెళ్లి గద అందుకుంటాడు. ధర్మరాజు వేషం అడగాలన్న ఊహే వాడికి రాదు.

నింద గాయకులది కాదు, సంగీత దర్శకులది అంతకన్నా కాదు. పాత్ర రాసేవాడు రచయిత. మన రంగస్థలానికి తెలిసిన హిరణ్యకశిపుడు స్తంభాన్ని మోదేవాడే. పోతన భాగవతం ఏడో స్కంధంలో అతనే మరొక విధంగా కనిపిస్తాడు. తమ్ముడు హిరణ్యాక్షుడు చచ్చిపోయాడు. తల్లి దితి ఏడుస్తోంది, మరదలు ఏడుస్తోంది. తన దుఃఖాన్ని దిగమింగుకుని, పుట్టినవారికి చావు తప్పదని వాళ్లను ఓదారుస్తాడు. అందుకోసం సుయజ్ఞుడనే రాజు మరణించిన కథ చెబుతాడు. ఆ ఘట్టానికి గద అక్కర్లేదు, అట్టహాసం అక్కర్లేదు. హార్మోనియం శ్రుతి బాగా దించి పాడాలి.