పూత విరగబూసినా పిందె నిలవడం లేదా?

సొర, బీర, గుమ్మడి పాదులు పూత బాగానే పూస్తాయి. పిందె మాత్రం వేలెడంత కాకముందే పసుపు తిరిగి రాలిపోతుంది. బలం చాల్లేదని యూరియా వేస్తే తీగ ఏపుగా సాగుతుందే తప్ప కాయ నిలవదు. పిందె కోసి చూడండి. లోపల పురుగుంటే అది పండుఈగ పని. లేదంటే చాలాసార్లు పుప్పొడి అందకే రాలుతుంది.

ఈ పాదుల్లో మగపూలు, ఆడపూలు వేరు. ముందు పూసేవి మగవి, అవి రాలితే దిగులక్కర్లేదు. రేకుల కింద బుల్లి పిందె ఉంటే ఆడపువ్వు. మగపువ్వు పుప్పొడి ఆడపువ్వు కీలాగ్రం మీద పడి, అక్కడ మొలిచి, సన్నని గొట్టంలా లోపలికి దిగి అండాలను చేరితేనే గింజ కడుతుంది. గింజలు అరకొరగా కడితే కాయ వంకర పోతుంది.

గుమ్మడి పుప్పొడి బరువు, జిగట. గాలికి లేవదు, తేనెటీగ మోయాల్సిందే. ఆ పువ్వు తెల్లవారుజామున విచ్చి, పొద్దెక్కేసరికి ముడుచుకుంటుంది. ఆ వేళ పురుగుమందు కొడితే ఈగలు చస్తాయి. తప్పనిసరైతే సాయంత్రం కొట్టండి.

ఈగలు తగ్గిన చోట చేత్తో అద్దవచ్చు. ఇందులో అమ్ముకునేదేమీ లేదు కనుక మందుల షాపులో ఈ మాట చెప్పరు. అప్పుడే విచ్చిన మగపువ్వు కోసి, రేకులు తుంచి, మధ్యనున్న పుప్పొడి కాడను ఆడపువ్వు నడుమ మెల్లగా రాయాలి. గుమ్మడికి పొద్దున్నే, సొర, బీరలకు పూలు విచ్చే సాయంత్రం వేళ.