పెరట్ల ఈతకొలనా? ముందుగాల నీళ్ల లెక్క చెప్పు

దిల్‌సుఖ్‌నగర్‌ల నూటయాభై గజాల జాగల నాలుగంతస్తులు లేపుతరు. గాడ పెరడే ఉండదు, ఇగ ఈతకొలను ఎక్కడిది? ఎల్బీనగర్ దాటి హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్ దిక్కు పోతే కథ వేరే. విల్లాలు, ఫామ్‌హౌజ్‌లు, వాటెన్క స్విమ్మింగ్ పూల్‌లు. కట్టించుకునేది పైసలున్నోళ్లు. తవ్వేది, మోసేది, తర్వాత కడిగేది మన ఊర్ల పోరగాళ్లు. రేపు మీలో ఒకరు సొంతంగ కట్టించుకోవచ్చు కూడ. తప్పు లేదు. కానీ గీ పని ఎట్లుంటదో ఇద్దరికీ తెల్వాలె.

ముందు నీళ్లు. 20 అడుగుల పొడుగు, 10 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు అంటే చిన్న పూలే. అయినా 22 వేల లీటర్ల పైన పడుతయి. 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఐదు రావాలె. పట్నంల మీటరున్న నల్లాకు 2021 జనవరి నుంచి జలమండలి నెలకు ఉచితంగ ఇచ్చేది 20 వేల లీటర్లు. అంటే ఒక కుటుంబం నెలంత తాగి, వండుకొని, తానం జేసే నీళ్లు గీ పూల్‌ను ఒక్కసారి నింపుతానికి కూడ చాలవు. ఎండకాలం రోజుకు అర సెంటీమీటర్ ఆవిరైనా 90 లీటర్లు గాలిల కలుస్తయి.

ఎల్బీనగర్ పక్కన సాహెబ్‌నగర్‌కు వచ్చే కృష్ణా నీళ్లు ఎక్కడియి? నల్లగొండ జిల్లా కోదండాపూర్‌ల శుద్ధి చేసి, పెద్ద పైపులల్ల ఇంత దూరం తెస్తున్నరు. ఫ్లోరైడ్‌తోటి మనుషుల బొక్కలు వంగిపోయిన జిల్లా అది. బోరు వేసుకుంటం అంటరా? దానికి 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలె. పక్క రైతు బోరు ఎండితే ఎవలు జవాబు చెప్పాలె?

ఇగ పని. మన దిక్కు కొంచెం తవ్వంగనే బండ తలుగుతది. బ్రేకర్ పెట్టాల్సొస్తే ఖర్చు, రోజులు రెండూ పెరుగుతయి. బండ సంగతి ముందే కాయితం మీద రాసుకోవాలె. తర్వాత ఇనుపచువ్వలు కట్టుడు, కాంక్రీట్, క్యూరింగ్, నీళ్లు కారకుండ పూత. టైల్స్ వెయ్యకముందే నీళ్లు నింపి, కొన్ని దినాలు ఆపి లీకు చూడాలె. గీడ తొందరపడితే తర్వాత టైల్స్ పీకుడే.

ఇంకోటి. వానకాలం పూల్ ఖాళీగ పెట్టొద్దు. భూమిల ఊరిన నీళ్లు దాన్ని కిందికెళ్లి పైకి నెడుతయి, పగులుతది. 2020 అక్టోబర్ వానలకు సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు ఎట్ల మునిగినయో యాదికి తెచ్చుకోండ్రి. చెరువు కింది జాగలల్ల గీ భయం ఎక్కువ.

పని చేసే తమ్ముళ్లకు ఒక మాట. తవ్విన మట్టి గుంత అంచుకే కుప్ప పొయ్యొద్దు, కూలి మీద పడుతది. తడి జాగల మోటరు నడుస్తుంటే షాక్ కొట్టంగనే కరెంటు ఆపే స్విచ్ ఉండాలె. లేకుంటే దిగనని చెప్పుండ్రి. క్లోరిన్ పొడి, యాసిడ్ ఎన్నడూ కలపొద్దు, విషపు గాలి లేస్తది. యజమాని తిట్టినా సరే, పానం ముఖ్యం.

కట్టంగనే అయిపోదు. దినాం కొన్ని గంటలు ఫిల్టర్ నడవాలె, క్లోరిన్ చూడాలె. పట్టించుకోకపోతే పాకురు, దోమలు. చుట్టూ కంచె, తాళమున్న గేటు లేకుంటే వాచ్‌మన్ బిడ్డ ఆడుకుంట పోయి పడొచ్చు.

కాంట్రాక్టర్‌ను అందరు అడిగేది ‘ఎంతైతది?’ అని. ముందుగాల అడగాల్సింది వేరే: నీళ్లు ఎక్కడియి, ఎవలి వంతులకెళ్లి వస్తున్నయి, గుంతల దిగే మనిషికి ఏం రక్షణ ఉన్నది? గీ మూడింటికి జవాబు ఉంటెనే గడ్డపార పట్టుండ్రి.