భుజానికెత్తుకున్న పియానో

విజయవాడ దగ్గర ఒక ఫంక్షన్ హాలు. రాత్రి రిసెప్షన్‌లో పాటకచేరీ ఉంది, మధ్యాహ్నం మూడింటికి సౌండ్ చెక్ నడుస్తోంది. కీబోర్డు వాయించే కుర్రాడు తన హెడ్‌ఫోన్ తీసి నా చెవులకు తగిలించి, మధ్య స్థాయిలో ఒక కార్డ్ పట్టాడు. నల్లటి పెద్ద పియానో మూత తెరిచి, ఎవరో నన్ను దాని పక్కన కూర్చోబెట్టినట్టు అనిపించింది. తర్వాత అదే కార్డ్‌ను హాలు స్పీకర్లలో వినిపించాడు. నడుము విరిగిన స్వరం! పైన గలగల ఉంది, కింద బరువు ఉంది, మధ్యలో ఉండాల్సిన కండ మాత్రం లేదు.

"టోన్ ముట్టుకోలేదు సార్. ఇంట్లో వాయించేదీ ఇదే, ఇక్కడ పెట్టిందీ ఇదే" అన్నాడు. ముఖం చిన్నబోయింది. నెలనెలా వాయిదాలు కట్టి కొనుక్కున్న వాద్యమది.

అక్కడ పోయిందేమిటో తెలియాలంటే, అసలు పియానోలో ఏముందో ముందు చూడాలి.

ఇటలీలోని ఫ్లారెన్స్‌లో, మెదిచీ ప్రభువుల కొలువులో బార్తొలొమేయో క్రిస్తొఫోరి వాద్యాలు తయారుచేసేవాడు. ఆ కొలువులోని వాద్యాలకు 1700లో రాసిన జాబితాలో, మెల్లగానూ గట్టిగానూ పలికే ఒక కొత్త వాద్యం కనిపిస్తుంది. ఇటాలియన్‌లో మెల్లగా అంటే 'పియానో', గట్టిగా అంటే 'ఫోర్తే'. ఆ రెండు మాటలూ కలిసి దాని పేరయ్యాయి. వాడుకలో అరిగి అరిగి మొదటి మాట మిగిలింది. అంతకుముందున్న హార్ప్సికార్డ్‌లో మెట్టు నొక్కితే చిన్న ముల్లు తీగను మీటేది. నువ్వు కోపంగా నొక్కినా, ప్రేమగా నొక్కినా పలికేది దాదాపు ఒకే మోత. క్రిస్తొఫోరి ముల్లు తీసేసి సుత్తి పెట్టాడు. అతని గొప్పతనం సుత్తి పెట్టడంలో కన్నా, తీగను తాకబోయే ముందు ఆ సుత్తిని వదిలేయడంలో ఉంది. మెట్టు సుత్తిని పైకి విసురుతుంది. చివరి కాస్త దూరం సుత్తి తనంతట తాను ఎగిరి, తీగను కొట్టి వెనక్కి పడుతుంది. అంటే తీగ పలికే క్షణానికి వేలికీ సుత్తికీ సంబంధం తెగిపోయింది. వేలు సుత్తికి ఇచ్చి పంపగలిగేది వేగం. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇక తీగల సంగతి. ఇవాళ్టి పియానోలో 88 మెట్లకు సుమారు 230 తీగలుంటాయి. అడుగున ఒక్కో స్వరానికి ఒక్కటి, పైకి వచ్చేకొద్దీ రెండు, ఆపైన మూడేసి. ఇన్ని తీగలు కలిసి లాగే బలం 20 టన్నుల దాకా ఉంటుంది. అది తట్టుకోవడానికే లోపల పోత ఇనుప చట్రం. కచేరీల్లో వాడే తొమ్మిదడుగుల పియానో బరువు అర టన్నుకు దగ్గర.

సుత్తి తలకు దట్టంగా అదిమిన ఉన్ని ఫెల్ట్ ఉంటుంది. మెల్లగా తాకితే ఫెల్ట్ మెత్తగానే ఉంటుంది, స్వరం గుండ్రంగా వస్తుంది. గట్టిగా కొడితే ఆ ఉన్నే నొక్కుకుపోయి రాయిలా బిగుస్తుంది, స్వరానికి పదును వస్తుంది. కాబట్టి పియానోలో గట్టి స్వరమంటే మెల్లని స్వరాన్ని వాల్యూమ్ పెంచి వినిపించడం కాదు. రెండూ వేరువేరు నాదాలు. చౌక కీబోర్డుల్లో పియానో బొమ్మలా వినిపించడానికి సగం కారణం ఇదే.

మిగతా సగాన్ని మిషిగన్ విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త గేబ్రియల్ వైన్‌రైక్ 1977లో ఒక పరిశోధన పత్రంలో వివరించాడు. పియానో స్వరం రెండు అంచెల్లో ఆరిపోతుంది. మొదట చప్పున తగ్గుతుంది, తర్వాత సన్నగా చాలాసేపు నిలుస్తుంది. ఎందుకు? సుత్తి దెబ్బకు మూడు తీగలూ ఒకేసారి ఒకే దిక్కుకు ఊగి, కింది చెక్కను కలిసి తోస్తాయి. శక్తి గబగబా చెక్కలోకి, అక్కణ్ణుంచి గాలిలోకి పోతుంది. అయితే మూడింటి శ్రుతీ వెంట్రుకవాసి తేడాతో ఉంటుంది. కాసేపటికి ఒకటి పైకి వెళ్తుంటే ఇంకొకటి కిందికి వస్తుంది. ఇక చెక్కను తోసేవాళ్లు లేరు. మిగిలిన శక్తి బొట్లుబొట్లుగా జారుతుంది. పియానో స్వరం 'మోగింది' అనకుండా 'పాడింది' అనిపించేది ఈ రెండో అంచె వల్లనే. నన్నడిగితే పియానో ప్రాణం అక్కడుంది.

నిజమైన పియానో దగ్గరికి ఎప్పుడైనా వెళ్తే ఈ పని చేసి చూడండి. మధ్యలోని ఒక మెట్టును చప్పుడు రాకుండా నెమ్మదిగా అదిమి పట్టుకోండి. దానికి సరిగ్గా ఒక స్థాయి కింద ఉన్న మెట్టును గట్టిగా కొట్టి వెంటనే వదిలేయండి. కొట్టిన స్వరం ఆగిపోతుంది, కొట్టని స్వరం మోగుతూ ఉంటుంది. పైన అదిమి పట్టిన మెట్టు తన తీగల మీది మూతను తీసింది, అవి పక్క తీగ నాదానికి స్పందించాయి. సితారులో తరఫ్ తీగలు చేసే పనే ఇది. కుడి పెడల్ తొక్కితే 230 తీగలూ ఇలా ఒకదానికొకటి బదులిస్తుంటాయి.

ఇంత సంసారాన్ని ఊరూరా మోసుకెళ్లడం ఎలా? రెండో ప్రపంచ యుద్ధంలో హెరాల్డ్ రోడ్స్ అనే అమెరికన్ పియానో మాస్టారు, గాయపడి మంచాన ఉన్న సైనికులకు పాఠం చెప్పడానికి బీ-17 బాంబర్ విమానాల అల్యూమినియం గొట్టాలతో ఒడిలో పట్టే చిన్న వాద్యం చేశాడు. దాని వారసుడే 1965 నుంచి స్టేజీలెక్కిన 73 మెట్ల ఫెండర్ రోడ్స్. అందులో తీగలుండవు, సన్నటి ఉక్కు పుల్లల్ని సుత్తులు కొడతాయి, ఆ కదలికను గిటార్‌లో లాగా పికప్ పట్టుకుంటుంది. ఎంతో తియ్యటి వాద్యం, అయితే పియానో కాదు. 1976లో యమహా మరో దారి పట్టింది. సీపీ-70లో నిజమైన తీగలు, నిజమైన సుత్తులు ఉంచి, చెక్క పలక స్థానంలో పికప్‌లు పెట్టింది. మెట్లు ఒక పెట్టె, తీగలు ఒక పెట్టెగా విడదీయవచ్చు. అయినా నూరు కిలోలు దాటింది, శ్రుతి చేసుకునే బాధా తప్పలేదు. 1983లో అదే కంపెనీ తెచ్చిన డీఎక్స్7 చేతిలో పట్టుకెళ్లేంత తేలిక. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ కనిపెట్టిన ఎఫ్ఎం పద్ధతితో అది గాజు గంటల్లాంటి ఎలక్ట్రిక్ పియానోను పలికించింది. ఆ దశాబ్దపు సినిమా పాటలు విన్నవారి చెవుల్లో ఆ టోన్ ఇప్పటికీ ఉంటుంది. అదీ చెక్క పియానో కాదు.

అసలు మలుపు ఒక స్నేహంలోంచి వచ్చింది. రే కర్జ్‌వైల్ అంధుల కోసం పుస్తకం చదివి వినిపించే యంత్రాన్ని 1976లో తయారుచేశాడు. దాన్ని కొన్నవారిలో గాయకుడు స్టీవీ వండర్ ఒకరు. 1982లో ఇద్దరూ మాట్లాడుకుంటుండగా వండర్ తన బాధ చెప్పాడు. కంప్యూటర్ వాద్యాలకు ఎన్నో విద్యలు తెలుసు, నాదం మాత్రం పేలవం. చెక్క వాద్యాల నాదం అందం, వాటి మీద ఆ విద్యలేవీ సాగవు. రెండూ ఒక్కచోట కలవవా? ఆ ప్రశ్నకు జవాబుగా 1984లో కర్జ్‌వైల్ 250 వచ్చింది. నిజమైన పియానో ధ్వనిని ముందే రికార్డు చేసి, చిప్‌లలో దాచి, మెట్టు నొక్కగానే వినిపించే యంత్రం అది.

దాచడమే కష్టం. సీడీ నాణ్యతలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ఎడమా కుడీ కలిపి సెకనుకు 1,76,400 బైట్లు. అదే 1984లో వచ్చిన తొలి మాకింటాష్ కంప్యూటర్ జ్ఞాపకశక్తి మొత్తం 128 కిలోబైట్లు. అందులో ముప్పాతిక సెకను పియానో కూడా పూర్తిగా పట్టదు! ఒక్కో స్వరానికి సగటున 10 సెకన్లు వేసుకున్నా 88 స్వరాలకు 15 కోట్ల బైట్లు పైనే. మెల్లగా, గట్టిగా, మధ్యస్థంగా పది రకాలు తీస్తే 150 కోట్లు దాటుతుంది.

అందుకని ఇంజినీర్లు పొదుపు మార్గం చూశారు. కొన్ని స్వరాలే రికార్డు చేసి, పక్క స్వరాలను వాటినే సాగదీసో కుదించో పుట్టించారు. సుత్తి దెబ్బను జాగ్రత్తగా ఉంచి, ఆ తర్వాతి నాదంలో చిన్న ముక్కను పదేపదే తిప్పుతూ వాల్యూమ్ తగ్గించుకుంటూ వచ్చారు. వినేవారిని ఆకట్టుకునేది మొదటి దెబ్బే కాబట్టి కొంతవరకు గడిచిపోయింది. పోయింది మాత్రం వైన్‌రైక్ చెప్పిన ఆ రెండో అంచె. 1998లో గిగాశాంప్లర్ అనే సాఫ్ట్‌వేర్ ప్రతి స్వరం మొదలును మాత్రం మెమరీలో ఉంచి, మిగతాది హార్డ్ డిస్క్ నుంచి అప్పటికప్పుడు లాగడంతో పియానో తన పూర్తి ఊపిరిని తీసుకోగలిగింది. 2006లో తులూజ్ నగరం నుంచి వచ్చిన పియానోటెక్‌లో రికార్డింగే లేదు. సుత్తి, తీగ, చెక్క ఎలా నడుచుకుంటాయో గణిత సమీకరణాలుగా రాసి, స్వరాన్ని ఆ క్షణంలో లెక్కగట్టి పుట్టిస్తుంది. అదిమి పట్టిన మెట్టు తానే మోగే పరీక్షలో ఇప్పటి మంచి స్టేజ్ పియానోలు చాలావరకు గట్టెక్కుతాయి.

క్రిస్తొఫోరి దగ్గరికి మళ్లీ రావాల్సింది ఇక్కడే. కీబోర్డు మెట్టు కింద రెండు మీటలుంటాయి. మెట్టు దిగుతూ ఒకదాని తర్వాత ఒకటి తాకుతుంది. ఆ రెండు తాకిళ్ల మధ్య పట్టిన కాలాన్ని యంత్రం కొలుస్తుంది. కాలం తక్కువైతే వేగం ఎక్కువ. 1983లో ప్రధాన కంపెనీలు ఒప్పుకున్న మిడి పద్ధతిలో ఆ వేగానికి 1 నుంచి 127 వరకు ఒక అంకె పడుతుంది. పియానోలోనూ వేలు పంపేది వేగమే కాబట్టి ఈ అంకె నిజానికి చాలా దగ్గరగా వస్తుంది. సుత్తి సూటిగా తీగకు అంటుకుని ఉండే వాద్యమైతే ఇంత చిన్న అంకెలో దాని కథ ఇమిడేది కాదు.

అయితే నొక్కే వేలి అలవాటు, యంత్రం అంచనా కలవాలి. స్టేజీ మీద వాయించేవారి కోసం పెట్టే మానిటర్ స్పీకర్ మెల్లగా వినిపిస్తే ఎవరైనా గట్టిగానే బాదుతారు. అంకెలన్నీ 110 పైనే పడతాయి, లోపల దాచిన మెత్తటి స్వరాలు రాత్రంతా బయటికి రావు. టోన్ బాగోలేదని కీబోర్డు మార్చేవాళ్లను చూశాను. మానిటర్‌ను దగ్గరికి జరిపి, వేలి వేగాన్ని అంకెగా మార్చే టచ్ కర్వ్‌ను కాస్త మారిస్తే అదే పెట్టెలోంచి ఇంకో పియానో వస్తుంది.

ఇంతకీ ఆ మధ్యాహ్నం సంగతి. కుర్రాడు మిక్సర్ దగ్గరున్న పెద్దాయన్ను అడిగాడు.

"అన్నా, పియానో లెఫ్టూ రైటూ రెండూ ఇచ్చాను, వస్తున్నాయా?"

"వస్తున్నాయి తమ్ముడూ. హాలంతా మోనోనే కదా, రెండూ కలిపేశా."

పియానోను రికార్డు చేసేటప్పుడు రెండు మైకులు పెడతారు, ఒకటి మంద్రం వైపు, ఒకటి తారం వైపు. ఒక తీగ నుంచి ఈ రెండు మైకులకూ దూరం సమానంగా ఉండదు. తేడా 34 సెంటీమీటర్లు అనుకుందాం. ధ్వనికి ఆ దూరం దాటడానికి సెకనులో వెయ్యో వంతు పడుతుంది. 500 హెర్ట్జ్ స్వరానికి అది సరిగ్గా సగం ఊపు. అంటే ఒక మైకులో అల పైకి లేచినప్పుడు రెండో మైకులో కిందికి దిగుతోంది. చెవికొకటిగా వింటే ఆ తేడాయే విశాలంగా తోస్తుంది. రెంటినీ ఒకే వైరులో కలిపితే ఒకదాన్నొకటి తినేస్తాయి. 500తో ఆగదు, 1500, 2500 దగ్గరా అంతే. హెడ్‌ఫోన్‌లో ఉన్న కండ హాల్లో మాయమైంది అందుకే. ఎడమ జాక్ ఒక్కటే పెట్టినా లాభం లేకపోవచ్చు. 'లెఫ్ట్/మోనో' అని రాసి ఉన్న చాలా కీబోర్డులు లోపల చేసేది అదే కలపడం.

కుర్రాడు టోన్ల జాబితా కిందికి కిందికి జరిపాడు. చివర్లో ఎప్పుడూ ముట్టని ఒక పియానో ఉంది, పేరు పక్కన మోనో అని రాసి ఉంది. హెడ్‌ఫోన్‌లో వింటే బోసిగా, ఇరుకుగా ఉంది. హాలు స్పీకర్లలో అదే నిటారుగా నిలబడింది. పెద్దాయన 300 హెర్ట్జ్ దగ్గర కొద్దిగా తగ్గించాడు, బురద పోయింది. హాలుకే బోలెడంత ప్రతిధ్వని ఉంది కదా అని కుర్రాడు రివర్బ్ పూర్తిగా తీసేశాడు. బేస్ గిటారాయన మొదలుపెట్టాక, ఎడమచేత్తో కింది స్థాయి వాయించడం తనే మానేశాడు.

రాత్రి తొమ్మిదిన్నరకు ఒక మెలొడీ ఎత్తుకున్నారు. పల్లవికి ముందు పియానో ఒక్కటే. భోజనాల వరుస దగ్గర, ప్లేట్ల చప్పుడు మధ్య నిలబడి విన్నాను. కుర్రాడు చివరి కార్డ్ మెల్లగా పట్టి పెడల్ వదలకుండా ఆగాడు. స్వరం చప్పున తగ్గింది. తర్వాత, సన్నగా, గాయని ఊపిరి తీసుకునేదాకా నిలిచింది.