గుడ్లగూబ కక్కిన ఉండలో చుట్టాల చిరునామా

గుడ్లగూబ ఎలుకను నమలదు, గుటుక్కున మింగేస్తుంది. అరగని ఎముకల్నీ బొచ్చునీ తర్వాత ఉండచుట్టి కక్కేస్తుంది. ఛీ అనకండి! కరీబియన్ దీవుల్లోని డొమినికన్ రిపబ్లిక్‌లో అలాంటి పాత ఉండలోనే నెసోఫాంటిస్ అనే బుల్లి జంతువు ఎముక దొరికింది. దాని వయసు సుమారు 750 ఏళ్లు.

చూడ్డానికి చుంచులా ఉండే ఈ జీవి, యూరప్ ఓడల్లో నల్ల ఎలుకలు వచ్చి దిగాక కనుమరుగైపోయింది. మరి దీని చుట్టాలెవరు? ఎముకలోని డీఎన్ఏని అడగాలి. చిక్కేమిటంటే, ప్రాణం పోగానే డీఎన్ఏ ముక్కలవడం మొదలవుతుంది. వేడీ తేమా ఉన్నచోట మరీ త్వరగా. అందుకే ఉష్ణదేశాల్లో పాత డీఎన్ఏ దొరకడమే గగనం! అయినా శాస్త్రవేత్తలు ఎముకను పొడి చేసి, మిగిలిన తునకల్ని చదివి, చించేసిన ఉత్తరాన్ని అతికించినట్టు కంప్యూటర్లో కలిపారు. బతికున్న జంతువుల డీఎన్ఏతో పోల్చారు. తేడాలు ఎంత తక్కువైతే చుట్టరికం అంత దగ్గర.

2016లో లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం శాస్త్రవేత్తల బృందం జవాబు చెప్పింది. దగ్గరి బంధువు సొలెనొడాన్. కాటులో విషమున్న ఈ జంతువు డొమినికన్ రిపబ్లిక్‌లో ఇప్పటికీ ఉంది. దగ్గర అంటే ఎంత దగ్గరనుకున్నారు? రెండూ వేరుపడి 4 కోట్ల ఏళ్లు దాటింది!