జపాను స్త్రీలు – ఆడపడుచు వాటా

బాల్యమున తండ్రికిని, యౌవనమున భర్తకును, వార్ధకమున కుమారునకును లోబడి యుండవలెనను నీతి మన ధర్మశాస్త్రములందే కాదు, జపానునందును చిరకాలము చెల్లినది. 1898 నాటి అచ్చటి పౌరస్మృతి ఇంటిపెద్దకే అధికారము నొసగెను. ఆ పెద్దరికమును ఆస్తియు సాధారణముగా జ్యేష్ఠపుత్రునకే సంక్రమించుచుండెను.

1945లో యుద్ధమున నోడిన పిదప, అమెరికా సేనల యేలుబడిలో నీ కట్టుబాటు సడలెను. 1946 ఏప్రిల్ 10వ తేదీన స్త్రీలు తొలిసారి సార్వత్రిక ఎన్నికలలో వోటు వేసిరి. 39 మంది స్త్రీలు ప్రతినిధులైరి. 1947 మే 3వ తేదీన అమలునకు వచ్చిన రాజ్యాంగము దంపతులకు సమాన హక్కుల నిచ్చెను. 1948 జనవరి 1 నుండి కూతుండ్రకును కొడుకులకును సమానమైన వాటా యేర్పడెను. అయినను పొలము ముక్కలు కారాదని పల్లెలలో పెక్కుమంది కూతుండ్రు తమ వాటాను విడుచుచునే యుండిరి.

సోదరీమణులారా! మనకు వోటు ముందును, వాటా చాల వెనుకను వచ్చినవి. హైదరాబాదు రాష్ట్రపు స్త్రీలు 1952 సార్వత్రిక ఎన్నికలలో వోటు వేసిరి. మితాక్షర కుమారులకే యిచ్చిన జన్మహక్కును హిందూ ఉమ్మడి కుటుంబములందలి పెండ్లికాని కుమార్తెలకు 1986 నాటి ఆంధ్రప్రదేశ్ శాసనమును, కుమార్తె లందఱకును 2005 నాటి కేంద్ర శాసనమును ఒసగినవి.

ఒకనాటి పల్లెలైన ఉప్పల్, నాచారములు నేడు ఇండ్లతోను కార్ఖానాలతోను నిండినవి. నేల విలువ పెరిగినకొలది ఆడపడుచు సంతకమునకును విలువ పెరిగినది. పసుపు కుంకుమలతో తృప్తిపడి సంతకము చేయుమన్నచో, పుట్టిల్లు దూరమగునేమో యని యామె జంకును. వాటాను విడుచుటయు ఆమె యిష్టమే. కాని పత్రమును తాను చదివి, తన భాగమెంతో తెలిసికొని విడువవలెను. తెలిసి విడిచినది దానము. తెలియక విడిచినది నష్టము.