పాతిల్లు పదిలంగా!

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని బాగు చేయించి చూడు అని మాత్రం ఎందుకనలేదో! పల్లెలో తాతల నాటి పెంకుటింటికి మరమ్మతులు మొదలుపెట్టినవాళ్లని అడిగితే తెలుస్తుంది, ఆ కష్టమేంటో.

పండక్కి పిల్లలు ఊరొస్తారు. వసారాలో పెచ్చులూడిన గోడని చూస్తారు. 'ఇంకా ఎన్నాళ్లు నాన్నా ఈ మట్టిగోడలు, శుభ్రంగా సిమెంటు చేయించేద్దాం' అంటారు. వెళ్తూ వెళ్తూ డబ్బులూ చేతిలో పెడతారు. మేస్త్రీ వచ్చి నాలుగు రోజుల్లో గోడల్ని నున్నగా చేసేస్తాడు. చూడ్డానికి కొత్తిల్లే! కొన్ని వానాకాలాలు గడిచాక గోడమీద వేలితో తట్టి చూస్తే... డొల్ల చప్పుడు. ఆ తర్వాత సిమెంటు పలకలు పలకలుగా ఊడి పడుతుంది, లోపలి మట్టినీ పట్టుకొస్తూ. తప్పు సిమెంటుది కాదు, మట్టిదీ కాదు. ఆ రెంటికీ పొసగదు, అంతే!

గోడకీ ఊపిరాడాలి

అడుసు తొక్కి, వరిగడ్డి కలిపి, ఒక వరస ఆరాక మరో వరస పెట్టుకుంటూ లేపిన గోడ అది. నేలలోని చెమ్మ దాన్లోకి ఎగబాకుతూనే ఉంటుంది. పైన మట్టిపూతో సున్నపు పూతో ఉంటే ఆ తడి ఎప్పటికప్పుడు ఆవిరైపోతుంది. సిమెంటు ఆ దారిని మూసేస్తుంది. తడి లోపలే నిలిచి గోడ అడుగుభాగం గుల్లబారుతుంది. పైగా మట్టి తడికి ఉబ్బుతుంది, ఎండకు కుదించుకుపోతుంది. బిర్రుగా ఉండే సిమెంటు దాంతోపాటు కదల్లేక పట్టు వదిలేస్తుంది.

అందుకే పూర్వం సున్నాన్నే నమ్ముకున్నారు. సున్నాన్ని నీళ్లలో నానబెట్టి, కొన్నాళ్లు మాగనిచ్చి, ఇసుకతో కలిపి గానుగలో రుబ్బేవారు. కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ కలిపేవారు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని ఆ పూత నెమ్మదిగా గట్టిపడుతుంది. కాబట్టి తొందర పనికిరాదు. ఎండ తగలకుండా గోనెపట్టాలు కట్టి, రోజూ నీళ్లు చిలకరించాలి. నానబెట్టేటప్పుడు సున్నం కుతకుతా ఉడుకుతుంది, కళ్లలో పడితే ప్రమాదం. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకూడదు.

ముందు నీళ్ల సంగతి

అసలు గోడ ఎందుకు తడుస్తోందో చూసుకోకుండా ఏ పూత పూసినా వృథాయే. చాలా ఊళ్లలో రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో వీధి ఎత్తు పెరిగింది. ఒకప్పుడు వీధికన్నా రెండు మెట్లు పైనుండే అరుగు ఇప్పుడు దాంతో సమానమైంది. వాన పడితే నీళ్లు నేరుగా గోడ మొదట్లోకే! గోడకు దూరంగా వాలు తీసి, చిన్న కాలువ కట్టుకుంటే సగం జబ్బు నయమైనట్టే. పెరట్లో కొత్తగా స్నానాల గది కట్టించేవాళ్లు దాన్ని మట్టిగోడకు ఆనించకుండా కాస్త ఎడంగా కట్టుకోవడం మంచిది.

నీళ్లకు రెండో దారి పైకప్పు. మనం మంగుళూరు పెంకు అని పిలిచేదాన్ని 1865లో అక్కడ కార్ఖానా పెట్టి తయారుచేసింది బాసెల్ మిషన్ వారు. అంతకుముందు నుంచీ ఉన్నవి కుమ్మరి చేసిన గూన పెంకులు. ఏదైనా సరే, మృగశిర కార్తె రాకముందే పగిలినవి తీసి పెంకు తిరగ నేయించాలి. ఈరోజుల్లో అసలు చిక్కు కోతులతోనే. ఈ బాధ పడలేకే చాలామంది పెంకు తీసేసి రేకులు వేయిస్తున్నారు. ఎండాకాలం వాటికింద కూర్చోలేక అవస్థపడుతున్నారు. కొందరు మధ్యేమార్గంగా కింద రేకు వేసి, పైన పాత పెంకులే పరుస్తున్నారు. పెంకు పగిలినా ఇంట్లోకి చుక్క రాదు, రేకు మీద నేరుగా ఎండా పడదు.

ఇప్పటికే స్లాబు ఉన్నవాళ్లకు తెల్లసున్నం ఉండనే ఉంది. తెలుపు ఎండను వెనక్కి కొట్టేస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో 'కూల్ రూఫ్' విధానం తెచ్చింది ఈ సూత్రంతోనే. మట్టిగోడల మీద స్లాబు వేయాలన్న ఆలోచన మాత్రం వద్దు. ఆ బరువుకు కట్టిన గోడలు కావవి.

ఏది ముందు, ఏది వెనక?

అన్ని పాత ఇళ్లూ నిలబడేవి కావు. గోడ పగులుకు అడ్డంగా కాగితం ముక్క అంటించి తేదీ రాసిపెట్టాలి. కొన్నాళ్లకు అది చిరిగిందంటే పగులు పెరుగుతున్నట్టే. గోడ పక్కకు ఒరిగినా, దూలాన్ని చెద తొలిచేసినా ఇంజినీరుకు చూపించాల్సిందే.

మిగతా ఇళ్లకు కావాల్సింది ఒక వరస. మొదట పైకప్పు, తర్వాత నీళ్లు పోయే దారి, ఆ తర్వాత దూలాలూ వాసాలూ, అటుపైన గోడలు, చివరగా రంగులు. మనం చేసేది సరిగ్గా తిరగేసి! ముందు రంగులు వేయిస్తాం, కప్పు దగ్గరికొచ్చేసరికి చేతిలో డబ్బులుండవు. ఈసారి రంగు డబ్బాలు కొనేముందు నిచ్చెన వేయించి పైన ఎన్ని పెంకులు పగిలాయో లెక్క చూసుకోండి మరి!