బావ నోట్లో మూడు వేళ్లు పట్టలేదు!

సంక్రాంతికి ఉప్పలగుప్తం వెళ్లినప్పుడు చూశాను. ఒకప్పుడు పూర్ణం బూరె అమాంతం నోట్లో వేసుకునే మా బావ, దాన్ని నాలుగు ముక్కలు చేసుకుని తింటున్నాడు.

"ఏంటి బావా, డైటింగా?" అన్నాను. నవ్వాడు. ఆ నవ్వూ సగమే తెరుచుకుంది.

"పులుసులో కారం తగ్గించమంటున్నార్రా. నోరు మండుతోందంట," అంది అక్క.

బావది రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా. నిద్ర ఆపుకోవడానికి గుట్కా అలవాటైంది. 2013లోనే రాష్ట్రంలో గుట్కాని నిషేధించారు కదా అంటారా? పాన్ మసాలా ఒక ప్యాకెట్, పొగాకు ఒక ప్యాకెట్. రెండూ కలిపితే అదే గుట్కా!

"మీ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టి చూడండి బావా," అన్నాను. రెండు వేళ్లే పట్టాయి.

వక్కలోని అరెకోలిన్ వల్ల బుగ్గల లోపల కొల్లాజెన్ పేరుకుపోతుంది. చర్మం తాళ్లలా బిగుసుకుని నోరు తెరుచుకోదు. దీని పేరు ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. క్యాన్సర్‌కి ముందు దశ. కేరళలో 17 ఏళ్ల పాటు గమనించిన రోగుల్లో 7.6 శాతం మందికి క్యాన్సర్ వచ్చింది.

మన దగ్గర నోటి జబ్బులు కొత్త కాదు. చుట్టని వెలిగించిన వైపు నోట్లో పెట్టుకునే 'అడ్డపొగ' మీద శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తుల్ని పరీక్షించి, పిండ్‌బోర్గ్ బృందం 1971లో ఫలితాలు ప్రచురించింది.

డాక్టర్ దగ్గరికి పదండి అంటే బావ ఫోన్ తీశాడు. "ఉమ్మితో తేలిపోయే టెస్టు వచ్చిందంటగా బామ్మర్దీ. ముక్క కోయించుకోవడం ఎందుకు? అది వచ్చాకే వెళ్దాం."

వార్త అబద్ధం కాదు. జబ్బు మొదలైతే లాలాజలంలో కొన్ని ప్రొటీన్ల మోతాదు మారుతుంది. అమెరికాలోని యూసీఎల్ఏ శాస్త్రవేత్తలు 2008లో ఐదు ప్రొటీన్లు కలిపి చూస్తే 100 మంది నోటి క్యాన్సర్ రోగుల్లో 90 మందిని పట్టగలిగే లెక్క తేలింది. కానీ జబ్బు లేని 100 మందిలో 17 మందికీ 'ఉంది' అని వస్తుంది. పైగా అది క్యాన్సర్ వచ్చేసినవాళ్ల మీద చేసిన పరీక్ష. క్యాన్సర్‌కి ముందు దశని పట్టడం ఇంకా కష్టం. చిగుళ్లు వాచినా, పొగ తాగినా ఇలాంటి కొన్ని ప్రొటీన్లు పెరుగుతాయి. అందుకే ఇప్పటికీ తేల్చి చెప్పేది బయాప్సీయే.

ఇదంతా చెప్పినా బావ కదల్లేదు. "రేపట్నుంచి పిల్లకి ముద్ద ఎవరు కలిపి పెడతారు?" అని అక్క అడిగింది. మర్నాడే అమలాపురం ఆటో ఎక్కాడు.

రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ లేదు, ఫైబ్రోసిస్ ఉంది. వక్క, పొగాకు పూర్తిగా మానాలి, నోటి వ్యాయామాలు చేయాలి, చెకప్‌కి వెళ్తూనే ఉండాలి. బిగుసుకున్న బుగ్గ పూర్తిగా మునుపటిలా అవడం మాత్రం కష్టమే.

మీరూ ఫోన్ ఒక్క నిమిషం పక్కన పెట్టి మూడు వేళ్లు పెట్టి చూడండి. పట్టకపోయినా, కారానికి మంట పుట్టినా, తెల్లమచ్చో పుండో రెండు వారాలైనా మానకపోయినా డెంటల్ డాక్టర్‌ని కలవండి.

బావ ఇప్పుడు కాపలాలో నిద్రొస్తే నాకు ఫోన్ చేస్తున్నాడు. రాత్రి రెండింటికి! నా నిద్ర పోతే పోయింది, పర్లేదు.